నిదానంగా వెళ్ళే గుండు

"ఆడపిల్లకి తుపాకీ ఏమిటమ్మా?"

ఎన్‌సీసీ క్యాంపు నుంచి వచ్చిన అమ్మాయి "అయిదు గుండ్లూ ఒక్కచోటే పడ్డాయి, ఇంకా నేర్చుకోమన్నారు" అని సంబరంగా చెబితే మన ఇళ్ళల్లో ముందుగా వినబడే మాట ఇదే. నాన్నమ్మ అంటుంది, పక్కింటివాళ్ళంటారు, ఆఖరికి తండ్రి కూడా పేపరు మడిచి పక్కన పెట్టి అంటాడు. తల్లికేమో కాదనడానికి మనసొప్పదు, అవుననడానికి ధైర్యం చాలదు. ఆ తల్లుల కోసమే ఈ వారం కబుర్లు. అవుననండి, కాదనండి, అది మీ ఇష్టం. కానీ ఆ ఆటేమిటో తెలుసుకుని మరీ అనండి.

ఎన్‌సీసీలో పిల్లల చేత కాల్పించేది పాయింట్ టూ టూ రైఫిల్. సినిమాల్లో విలన్ చేతిలో చూసేదానికీ దీనికీ చాలా తేడా వుంది. దీని గుండు 5.6 మిల్లీమీటర్ల లావు, అంటే పెద్ద మిరియపు గింజంత. బరువు 2.6 గ్రాములు. అరచెంచా ఉప్పు ఇంతకంటే కాస్త ఎక్కువే తూగుతుంది.

ఈ గుండుని అమర్చిన తూటాని రిమ్‌ఫైర్ అంటారు. రిమ్ అంటే అంచు. తూటా అడుగున ఇత్తడిని గిన్నె అంచులా బయటికి మడుస్తారు. నిప్పు రాజేసే మందు ఆ మడతలోనే వుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఒక ములుకు వచ్చి ఆ అంచుని కొడుతుంది, మడత నలుగుతుంది, మందు అంటుకుంటుంది, గుండు బయలుదేరుతుంది. పెద్ద తుపాకుల్లో ఆ మందుని తూటా అడుగున నడిమధ్యలో విడిగా అమరుస్తారు. ఇక్కడ అంచు నలగాలి కాబట్టి ఇత్తడి పల్చగా వుండాలి. పల్చటి గిన్నె ఎక్కువ వత్తిడి తట్టుకోలేదు కదా! అందుకే ఇందులో మందు తక్కువ, చప్పుడు తక్కువ, భుజానికి తగిలే తన్నూ తక్కువే. పెద్ద తూటాలతో పోలిస్తే ధరా తక్కువే. అమెరికాలో 1887లో తయారైన ఈ తూటానే ఇవాళ్టికీ ఒలింపిక్స్‌లో వాడుతున్నారు.

చిన్నది కదా అని ఆటబొమ్మ అనుకునేరు! కిలోమీటరు దాటి వెళ్ళగలదు, ప్రాణమూ తీయగలదు. ఆ సంగతి చివర్లో మళ్ళీ చెప్పుకుందాం.

ఒలింపిక్స్ పోటీలో దూరం 50 మీటర్లు. నాలుగు సిటీబస్సుల్ని వరసగా నిలబెడితే ఎంత పొడుగో దాదాపు అంత. ఆ చివర వున్న అట్టమీద నడిమధ్య పదిమార్కుల వలయం అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లు, అంటే చొక్కా బొత్తామంత. దుర్భిణీలాంటి అద్దాలు రైఫిల్‌కి బిగించుకోకూడదు. వెనక ఒక చిల్లు, ముందొక వలయం, వాటి మధ్యనుంచి చూసి గురి కుదుర్చుకోవాలి. నిలబడి ఇరవై, మోకాలిమీద కూర్చుని ఇరవై, బోర్లా పడుకుని ఇరవై, మొత్తం అరవై గుండ్లు.

నేర్చుకునేవాళ్ళకి మొదటిరోజే బొత్తాం మధ్యలో కొట్టమని ఎవరూ చెప్పరు. ముందు అయిదు గుండ్లూ ఒక్కచోట పడేలా కాల్చమంటారు. దాన్నే గ్రూపింగ్ అంటారు. పడిన చోటు ఎడంగా వుందా, కిందుగా వుందా అని అప్పుడే దిగులు పడక్కర్లేదు. ఎందుకంటారా? రోజూ కూరలో ఒకే కొలత ఉప్పు ఎక్కువ వేసే కోడలికి "అరచెంచా తగ్గించమ్మా" అని చెబితే సరిపోతుంది. ఒకరోజు కటికుప్పగా, ఒకరోజు చప్పగా వండే కోడలికి ఏమని చెబుతాం? ఇక్కడా అంతే. తప్పు ఒకేలా జరుగుతుంటే రైఫిల్‌మీది చిన్న మరని రెండు మెట్లు తిప్పితే సరి. తప్పు రోజుకోలా జరుగుతుంటే మాత్రం సరిచేయాల్సింది మనిషిని.

ఇక గాలి సంగతి. ఈ ఆటలో అసలు శత్రువు గాలే. గంటకి ఎనిమిది కిలోమీటర్ల వేగంతో, అంటే ఆరేసిన చీర కొంగు మెల్లగా ఊగేపాటి గాలి అడ్డంగా వీచినా 50 మీటర్లు వెళ్ళేసరికి గుండు సుమారు సెంటీమీటరు పక్కకి జరుగుతుంది. పదికి పది రావలసింది తొమ్మిదైపోతుంది. అందుకే మైదానంలో 10 మీటర్ల దగ్గరా, 30 మీటర్ల దగ్గరా చిన్న జెండాలు కడతారు. జెండా ఎటు ఊగుతోందో చూసి, ఇప్పుడు కాల్చాలా, ఇంకాస్త ఆగాలా అని తేల్చుకోవాలి.

"దానికేముంది, గుండుని ఇంకా జోరుగా పంపితే గాలికి దొరక్కుండా పోతుంది కదా" అని మనకి తోస్తుంది. తమాషా అక్కడే వుంది. ఈ చిన్న గుండు విషయంలో జోరుగా పోయేదే గాలికి ఎక్కువగా కొట్టుకుపోతుంది! శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. దాన్ని మించిన వేగంతో బయలుదేరిన గుండుని గాలి గట్టిగా అడ్డుకుంటుంది, దాంతో దాని వేగం ఒక్కసారిగా పడిపోతుంది. గుండు ఎంత పక్కకి జరుగుతుందన్నది అది ఎంత తొందరగా పోయిందన్న దానిమీద కాదు, దారిలో ఎంత వేగం పోగొట్టుకుందన్న దానిమీద ఆధారపడుతుంది. అందుకే పోటీలకి వాడే మంచి తూటాలన్నీ శబ్దంకంటే ఓ పిసరు తక్కువ వేగంతో, సెకనుకి 330 మీటర్ల దగ్గర, వెళ్ళేలా తయారుచేస్తారు. నిదానమే ప్రధానమని మన పెద్దలు వూరికే అన్లేదు!

50 మీటర్లు చాలవని ఇంకా దూరం పోయేవాళ్ళూ వున్నారు. అమెరికా, కెనడా, బ్రిటన్ లాంటి దేశాల్లో ఇదే చిన్న తూటాతో 100, 200, కొన్నిచోట్ల 300 మీటర్ల దూరంలో వేలాడదీసిన ఇనపరేకుల్ని కొడుతున్నారు. ఆ పోటీల్లో దుర్భిణీ బిగించుకోనిస్తారు. 50 మీటర్లకి గురి సరిచేసి వుంచిన రైఫిల్‌తో కాలిస్తే, 100 మీటర్ల దగ్గర గుండు జానెడు కిందకి పడుతుంది. 200 మీటర్లకైతే అయిదున్నర అడుగులు, అంటే ఓ మనిషి నిలువెత్తు దిగిపోతుంది! ఎంత దూరానికి ఎంత ఎత్తాలో, ఏ గాలికి ఎంత జరగాలో వాళ్ళు ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటారు. పాలవాడి లెక్కా, చాకలి పద్దూ మనం రాసుకోమూ, అలాగే. పెద్ద తుపాకులు వెయ్యి గజాల దగ్గర నేర్పే గాలి పాఠాన్ని ఈ చిన్న గుండు రెండొందల మీటర్లలోనే, తక్కువ ఖర్చుతో నేర్పుతుందని వాళ్ళ లెక్క.

ఇంతకీ దీనికి కండబలం కావాలా? ఎక్కువ అక్కర్లేదు. అయిదారు కిలోల రైఫిల్‌ని కండలతో మోస్తే రెండు నిమిషాల్లో చేతులు వణుకుతాయి. మోచేతిని తుంటిమీదికో మోకాలిమీదికో ఆనించి, బరువంతా ఎముకలమీద నిలబెట్టడం నేర్పుతారు. ఊపిరి సగం వదిలి ఆపాలి. గుండె కొట్టుకున్నా రైఫిల్ మొన కదులుతుంది కాబట్టి రెండు చప్పుళ్ళ మధ్య ట్రిగ్గర్ నొక్కాలి. నొక్కాక కూడా గుండు చేరేదాకా కదలకూడదు. ఓపికా, నిలకడా, చేసిన పనినే అరవైసార్లు విసుగులేకుండా చేయడం... ఇవి ఎవరికి చేతనవుతాయో మీకు నేను చెప్పాలా?

చేతనవుతుందని లోకానికి చూపించిన ఆవిడ పేరు మార్గరెట్ మర్డాక్. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఆవిడది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్ జరిగినప్పుడు రైఫిల్ పోటీల్లో ఆడవాళ్ళకి వేరే విభాగం లేదు. దమ్ముంటే మగవాళ్ళతోనే తలపడాలి. ముప్ఫై మూడేళ్ళ మర్డాక్ 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో తలపడింది. అప్పట్లో 120 గుండ్లు, 1200 మార్కులు. ఆవిడకి 1162 వచ్చాయి. తన దేశస్థుడే అయిన లానీ బాషమ్‌కీ సరిగ్గా అన్నే వచ్చాయి! సమానంగా వచ్చినప్పుడు విడదీసే నిబంధన ప్రకారం బంగారం బాషమ్‌కీ, వెండి మర్డాక్‌కీ ఇచ్చారు. ఇద్దరికీ బంగారమే ఇవ్వమని బాషమ్ అడిగాడు, నిర్వాహకులు కుదరదన్నారు. పతకాలిచ్చాక జాతీయగీతం మొదలవుతుంటే అతను చెయ్యి చాచి ఆవిణ్ణి తన మెట్టుమీదికి లాక్కున్నాడు. ఇద్దరూ ఆ పై మెట్టుమీదే నిలబడ్డారు. ఒలింపిక్స్ షూటింగ్‌లో ఒక ఆడమనిషి పతకం గెలవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత 1984లో ఆడవాళ్ళకి విడిగా పోటీలు పెట్టారు. రైఫిల్ మూడు భంగిమల్లో మొదటి బంగారం చైనా అమ్మాయి వు షియావోషువాన్‌కి దక్కింది. విడిగా పెట్టడంవల్ల ఎక్కువమంది అమ్మాయిలకి అవకాశం వచ్చిన మాట నిజం. కానీ అందులో ఒక మెలిక వుంది. మగవాళ్ళకి 120 గుండ్లు, ఆడవాళ్ళకి 60 చాలన్నారు. మాంట్రియల్‌లో 120 గుండ్లూ కాల్చి సమానంగా నిలిచిన మనిషిని చూశాక కూడా! ఆ తేడా పోవడానికి 2018 దాకా ఆగాల్సివచ్చింది. ఇప్పుడు ఇద్దరికీ లెక్క ఒకటే.

తుపాకీ వేరైనా ఇలాంటిదే ఇంకొకటి చెబుతాను. ఎగిరే మట్టిపళ్ళేల్ని కొట్టే స్కీట్ పోటీ ఆడా మగా కలిసి ఆడేది. 1992లో బార్సిలోనాలో చైనా అమ్మాయి జాంగ్ షాన్ మగవాళ్ళందర్నీ దాటి బంగారం గెలిచింది. తర్వాతి 1996 ఒలింపిక్స్‌లో స్కీట్‌ని మగవాళ్ళకే వుంచారు. ఆడవాళ్ళ స్కీట్ 2000లో గానీ రాలేదు. గెలిచిన అమ్మాయి తన బంగారం నిలబెట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది. చేతకాకపోవడం వేరు, తలుపు వేసేయడం వేరు. ఈ రెండిటికీ తేడా మన పిల్లలకి తెలియాలి.

మన దేశం సంగతికొద్దాం. కొల్హాపూర్‌కి చెందిన తేజస్విని సావంత్ 2010లో మ్యూనిక్‌లో 50 మీటర్లు పడుకుని కాల్చే పోటీలో 600కి 597 తెచ్చుకుని ప్రపంచ విజేత అయింది. షూటింగ్‌లో ప్రపంచ విజేత అయిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. 2018 కామన్వెల్త్ క్రీడల్లో బంగారం గెలిచింది. ఒలింపిక్స్‌కి మాత్రం 2021లో టోక్యోకే మొదటిసారి వెళ్ళింది. అప్పటికి వయసు నలభై! నలభై దాటితే కాళ్ళనొప్పుల గురించి తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ లేదనుకునే మనం కాస్త ఆలోచించుకోవాలి.

పంజాబ్‌లోని ఫరీద్‌కోట్ అమ్మాయి సిఫ్ట్ కౌర్ సమ్రా 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 50 మీటర్ల మూడు భంగిమల్లో 469.6 మార్కులతో బంగారమే కాదు, ప్రపంచ రికార్డూ సాధించింది. డాక్టరు చదువులో చేరి, రెండూ కుదరక ఎంబీబీఎస్ మానుకున్న పిల్ల. "సీటొచ్చాక వదులుకుందా!" అని మీరు గుండెమీద చెయ్యి వేసుకోవడం నాకు తెలుస్తూనే వుంది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో ఆ అమ్మాయి ఫైనల్‌కి కూడా రాలేకపోయింది. 2025లో బ్యూనస్ ఎయిర్స్ ప్రపంచ కప్‌లో మళ్ళీ బంగారం తెచ్చింది. ఆటంటే అదే మరి. పొంగు వచ్చిన చోటే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఈ మధ్యలో ఇంట్లోవాళ్ళు ఏమంటారన్నదే పిల్లని నిలబెడుతుంది, లేకపోతే కూలదోస్తుంది.

అదే పారిస్‌లో స్వప్నిల్ కుసాలే ఈ 50 మీటర్ల మూడు భంగిమల్లోనే కంచు గెలిచాడు. ఈ పోటీలో మన దేశానికి ఒలింపిక్ పతకం రావడం అదే మొదలు. అతనికి నేర్పిన గురువు ఎవరో తెలుసా? 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన దీపాలీ దేశ్‌పాండే. ఆడపిల్లకి తుపాకీ ఏమిటన్న వాళ్ళకి ఈ మాట కూడా చెప్పండి.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌ది రైఫిల్ కాదు, పిస్టల్. అయితే 25 మీటర్ల పోటీలో ఆమె పిస్టల్‌లో వేసేదీ ఈ రిమ్‌ఫైర్ తూటానే. పదమూడేళ్ళకే 2018లో ఎయిర్ పిస్టల్‌లో జాతీయ విజేత అయింది. హాంగ్‌ఝౌలో 25 మీటర్ల జట్టు బంగారంలో భాగం పంచుకుని, విడిగా వెండీ తెచ్చుకుంది.

ఇక తల్లులు అడిగి తీరవలసిన ప్రశ్నలు కొన్ని వున్నాయి. మొహమాటపడకండి.

మొదటిది చట్టం. ఆయుధాల చట్టం ప్రకారం .22 రైఫిల్‌కి లైసెన్సు తప్పనిసరి. సొంతానికి తీసుకోవాలంటే ఇరవై ఒకటి నిండాలి. పన్నెండేళ్ళు దాటిన పిల్లలు పెద్దల పర్యవేక్షణలో, శిక్షణ కోసం కాల్చడానికి చట్టం వీలిస్తుంది. మొదలుపెట్టడానికి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మంచిది. పోటీలకి వాడేదానికి లైసెన్సు అక్కర్లేదు. నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్ అన్నీ దానిమీదే నేర్చుకోవచ్చు.

రెండోది ఖర్చు. ఇదేమీ చౌక ఆట కాదు. పోటీ రైఫిల్, కాన్వాసు కోటు, ఇంగ్లండు, జర్మనీల నుంచి వచ్చే తూటాలు అన్నీ ఖరీదే. మంచి షూటర్లు తమ గొట్టానికి ఏ విడతలో తయారైన తూటా నప్పుతుందో పరీక్షించి, ఆ విడతవే కొనుక్కుంటారు. మనం ఏడాది బియ్యం ఒకే పంటవి తీసుకోమూ! కాబట్టి మొదటిరోజే అప్పుచేసి రైఫిల్ కొనకండి. క్లబ్బు రైఫిల్‌తో, ఎన్‌సీసీ రైఫిల్‌తో ఏడాది కాల్చనివ్వండి. పిల్ల పట్టుదల ఎంతో అప్పుడు తెలుస్తుంది. ఎన్‌సీసీలోనే జాతీయ స్థాయి శిబిరాల దాకా, మావలంకర్ పోటీ దాకా దారి వుంది.

మూడోది జాగ్రత్త. నేర్పేచోట మొదటివారం గురి గురించి చెబుతున్నారా, క్రమశిక్షణ గురించి చెబుతున్నారా అని కనుక్కోండి. తూటా లేదని తెలిసినా రైఫిల్ మొన మనుషులవైపు తిప్పకూడదు. కాల్చేక్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. ఆగమన్నాక రైఫిల్ ముట్టుకోకూడదు. ఇవి నవ్వుతూ వదిలేసే చోటు ఎంత పేరున్నదైనా పిల్లని పంపకండి. చెవులకి రక్షణ తప్పనిసరి, చిన్న తూటా చప్పుడుకి కూడా వినికిడి దెబ్బతింటుంది.

నాలుగోది చాలామంది చెప్పనిది, మన ఇంటికి సంబంధించింది. ఈ గుండు సీసం. కాల్చినప్పుడు సన్నటి సీసపు పొడి చేతులకీ, బట్టలకీ అంటుతుంది. రేంజి నుంచి రాగానే సబ్బుతో చేతులూ మొహమూ కడుక్కోకుండా ఏమీ తిననివ్వకండి. ఆ బట్టలు పసిపిల్లల బట్టలతో కలిపి ఉతక్కండి. గర్భిణులైతే ఆ సమయంలో రేంజికి దూరంగా వుండటమే క్షేమం.

అయిదోది చదువు. పొద్దున్న రెండు గంటలు రేంజిలో గడిపిన పిల్ల చదువులో వెనకబడుతుందేమోనని భయం వుండటం సహజమే. పరీక్షల నెలలో సాధన తగ్గించుకోమని, మిగిలిన నెలల్లో రెంటికీ వేళలు రాసిపెట్టుకోమని చెప్పండి. కదలకుండా గంటసేపు ఒకే బొత్తాంవైపు చూడగలిగిన పిల్లకి పుస్తకంవైపు చూడటం కొత్తగా నేర్పక్కర్లేదు.

ఈ ప్రశ్నలన్నిటికీ సరైన జవాబులు దొరికాక కూడా మీకు ఇష్టం లేకపోతే వద్దనండి. డబ్బు చాలక వద్దంటే ఆ మాటే చెప్పండి. రేంజి దూరమని వద్దంటే అదే చెప్పండి. పిల్ల అర్థం చేసుకుంటుంది, మరో దారి వెతుక్కుంటుంది. "నువ్వు ఆడపిల్లవి" అన్న కారణం మాత్రం చెప్పకండి. ఎందుకంటే అది నిజం కాదని ఆ అట్టమీది అయిదు చిల్లులూ ఆ పిల్లకి ముందే చెప్పేశాయి.